నీటిలో మెడ దెబ్బతిన్నవానిని రక్షించు విధము



మనము నీటిమధ్య జీవించు జనులము. ధవళేశ్వరము దాటిన తరువాత గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు చీలి సముద్రమునకు పోవుచున్నది. 1847 మొదలు 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ దొరగారు కట్టించిన ఆనకట్టవలన మన పల్లెలన్నిటికి కాలువలు వచ్చినవి. ఇంటి గుమ్మము దిగితే కాలువగట్టు, గట్టు దిగితే రేవు. మన పిల్లలు నడకతోపాటు ఈత నేర్చుకొందురు. నీరు మనకు అన్నము పెట్టుచున్నది. అదే నీరు ప్రతి సంవత్సరము మన యిండ్లలో కొన్నిటిని చీకటి చేయుచున్నది.

నీట మునిగినవానిని గూర్చి మనమందరము ఎంతో కొంత వినియున్నాము. అయితే నీటిలో దూకి మెడ విరిగినవానిని గూర్చి మన సంఘములలో తగినంత బోధ లేదు. ఇట్టివానిని ప్రేమతోనే బయటికి లాగుదుము. ఆ లాగుటలోనే వాని చేతులు కాళ్లు శాశ్వతముగా పోవచ్చును. మంచి మనస్సు మాత్రము చాలదు, దానికి తెలివియు తోడు కావలెను. కాబట్టి ఈ మాసమున ఈ సంగతిని పాఠముగా వ్రాయుచున్నాము. యౌవనస్థుల కూటములలో దీనిని చదివి, ఒకరిమీద ఒకరు అభ్యాసము చేయవలెనని మా కోరిక.

1. మెడలో ఏమి జరుగును?

మన వెన్ను 33 చిన్న యెముకలతో కట్టబడినది. వాటిలో మొదటి 7 మెడలో నున్నవి. ఈ యెముకల నడుమ ఒక గొట్టమువంటి దారి కలదు. ఆ దారిలో మెదడునుండి దిగివచ్చు వెన్నుపాము ఉన్నది. అది మన చిటికెన వ్రేలంత లావుండును. చేయి కదలవలెనన్నను, కాలు మోపవలెనన్నను, మూత్రమును ఆపుకొనవలెనన్నను ఆజ్ఞ దాని ద్వారానే పోవలెను. ఊపిరి పీల్చు ముఖ్యమైన కండరమునకు పోవు నరములు మెడలోని 3, 4, 5 ఎముకల దగ్గరనుండి బయలుదేరును. కాబట్టి మెడ పైభాగమున దెబ్బ తగిలినవాడు ఊపిరికూడ పీల్చలేడు.

లోతు లేని నీటిలో తల ముందుగా దూకినవాని నెత్తి అడుగున తగులును. తల అక్కడనే ఆగిపోవును గాని వెనుకనుండి వచ్చు శరీరపు బరువంతయు ఆగదు. ఆ బరువు మెడమీద పడి యెముకను నలుగగొట్టును. ఎముక విరిగినంత మాత్రమున వెన్నుపాము తెగినదని కాదు. కొందరికి ఎముక విరిగియు వెన్నుపాము చెడక నిలుచును. అట్టివాని తలను మనము వంచినను త్రిప్పినను, విరిగిన యెముక లోపలి వెన్నుపామును నొక్కవచ్చును. నీటిలో కాళ్లాడించిన మనిషి గట్టుమీద కాళ్లాడింపలేకపోవుటకు ఇది యొక కారణము. దీనిని తప్పించుట కొరకే ఈ పాఠము.

2. ఎవరి విషయములో అనుమానింపవలెను?

నీట మునిగిన ప్రతివానికి మెడ విరుగదు. అమెరికాలో నీట మునిగిన 2,244 మందిని గూర్చి వైద్యులు విచారించి 2001లో ప్రకటించిరి. వారిలో మెడ యెముక దెబ్బతిన్నవారు 11 మంది మాత్రమే. ఆ 11 మందియు ఎత్తునుండి దూకినవారు, లేక బలమైన తాకిడికి లోనైనవారు. ఇందునుబట్టి మనము నేర్చుకొనవలసినది రెండు విధములు. రేవులో కాలుజారి మునిగిన బిడ్డ విషయములో మెడను గూర్చి తడవు చేయక వెంటనే బయటికి తీసి ఊపిరి అందింపవలెను. అయితే ఈ క్రింది సంగతులలో ఏదైనను ఉన్నయెడల మెడను అనుమానింపవలెను.

వంతెనమీదనుండి గాని, లాకులమీదనుండి గాని, చెట్టుకొమ్మనుండి గాని, పంటుమీదనుండి గాని తల ముందుగా దూకినవాడు.

సముద్రతీరమున కెరటము ఎత్తి ఇసుకలో తలక్రిందుగా కొట్టినవాడు. అంతర్వేది, ఉప్పాడ తీరముల ప్రజలు దీనిని గమనింపవలెను.

పడవ తగిలినవాడు, తలమీద గాయము గలవాడు, దూకిన తరువాత బోర్లపడి కదలక తేలుచున్నవాడు.

మెడ నొప్పియని చెప్పువాడు. చేతులు కాళ్లు తిమ్మిరిగా నున్నవనియు, సూదులు గుచ్చినట్లున్నదనియు, కదలుట లేదనియు చెప్పువాడు.

3. మొదటి నియమము: మెడకంటె ముందు ఊపిరి

ఇక్కడ రెండు భయములు మన యెదుట నిలుచును. కదలించిన మెడ పోవునేమో, కదలింపకున్న ప్రాణము పోవునేమో. ఈ రెంటిలో ఏది ముందు? ప్రాణమే ముందు. ఊపిరి లేనివాడు నిమిషములలో చనిపోవును. కాబట్టి బోర్లపడి తేలువానిని మొదట వెల్లకిల త్రిప్పి ముఖమును నీటిపైకి తేవలెను. ఊపిరి ఆడనియెడల పలకకొరకు, కట్లకొరకు కాచుకొనక, తలను చేతనైనంత నిలుకడగా పట్టి, త్వరగా గట్టుకు చేర్పవలెను. ఊపిరి ఆడుచున్నయెడల అప్పుడు తొందరపడక నిదానముగా పనిచేయవలెను. ఊపిరి లేనివానికి త్వర, ఊపిరి యున్నవానికి నిదానము. ఈ మాటను పిల్లలకు కంఠస్థము చేయించుడి.

4. నీటిలో చేయవలసినది

ఈతకొలనులందును సముద్రతీరములందును ప్రాణరక్షణకై నియమింపబడిన లైఫ్‌గార్డులు దీనినే నేర్చుకొందురు. మన గోదావరి గజ ఈతగాండ్రకు ఈత నేర్పనక్కరలేదు; ఈ పట్టు మాత్రము నేర్చుకొన్న చాలును.

మొదటిది, కేకవేసి నలుగురిని పిలువుము. ఒకనిని 108కి ఫోను చేయుమనుము.

రెండవది, నీవు అతని ప్రక్కన దూకవద్దు. నీ దూకుడుకు లేచిన అలలే అతని మెడను కదలించును. పైగా అతడు తగిలిన రాయి నీకును తగులవచ్చును. మెల్లగా దిగి నడిచి పొమ్ము, లేక మెల్లగా ఈదుము. మునుగువానికి సామాన్యముగా గెడకర్ర గాని త్రాడు గాని అందింతుము. అయితే చేతులు పనిచేయనివాడు త్రాడు పట్టుకొనలేడు గనుక ఒకడు దిగక తప్పదు. నీకు ఈత రానియెడల దిగవద్దు; పడవవానిని పిలువుము.

మూడవది, అతడు బోర్లపడియున్నయెడల అతని ప్రక్కన, భుజము దగ్గర, అతని తల ఏ దిక్కున నున్నదో ఆ దిక్కునకే ముఖము పెట్టి నిలువుము. నీవు అతని యెడమ ప్రక్కన నున్నావనుకొనుము. నీ కుడిచేత అతని కుడి దండను, నీ యెడమచేత అతని యెడమ దండను, భుజమునకు మోచేతికి నడుమ పట్టుకొనుము. అతని రెండు చేతులను మెల్లగా తలకు ఇరుప్రక్కల చాపి, చెవులకు ఆనించి నొక్కుము. ఇప్పుడు అతని తల అతని చేతుల నడుమనే బిగియును. ఆ చేతులే మెడకు కట్టుబద్దలగును.

నాలుగవది, అట్లే పట్టి రెండడుగులు ముందుకు నడువుము. శరీరము నీటిమీద తిన్నగా తేలును. అప్పుడు నీ దగ్గరి చేతిని నీటిలోనికి నొక్కుచు, దూరపు చేతిని నీ వైపునకు లాగుచు, మనిషినంతటిని ఒక్కసారిగా నీ వైపు దొర్లింపుము. ముఖము పైకి వచ్చును. తలను నీ మోచేతి వంపులో ఆనించి, చేతుల నొక్కు వదలక నిలువుము. ఊపిరి ఆడుచున్నదా యని చూడుము.

అయిదవది, పారు నీటిలో అతని తల ఎగువవైపున ఉండునట్లు పట్టుము. అడ్డముగా పట్టినయెడల ప్రవాహము శరీరమును మెలిత్రిప్పును. సముద్రములో కెరటము అతని ముఖముమీద విరుగకుండ నీ వీపు అడ్డము పెట్టుము.

అతడు ఊపిరి తీయుచు, నీరు నడుము లోతు మించక, ప్రవాహపు అపాయము లేనియెడల గట్టుకు లాగవలెనన్న ఆత్రము వద్దు. నీరే అతనికి మెత్తని పరుపు. సహాయము వచ్చువరకు అట్లే పట్టి, తలను కదల్పవద్దని చెప్పుచు, ధైర్యవచనములు పలుకుచుండుము.

5. నలుగురు మోయు విధము

లైఫ్‌గార్డులకు ఇందుకొరకు ప్రత్యేకమైన పలకయు, పట్టీలును ఉండును. పలకను నీటిలో ముంచి రోగి క్రిందికి జరిపి, అది తేలి వీపునకు ఆనిన తరువాత మొదట ఛాతీని, తరువాత నడుమును తొడలను పట్టీలతో కట్టి, తలకు ఇరుప్రక్కల మెత్తలు పెట్టి కట్టుదురు. మన పల్లెలో అట్టి పలక లేనప్పుడు ఊడదీసిన తలుపుచెక్క గాని, వెడల్పైన బల్ల గాని పనికివచ్చును. నులకమంచము పనికిరాదు; అది నడుమ జారి వెన్నును వంచును. దుప్పటిలో మూటవలె మోయుటయు, ఒకడు చంకలు, ఒకడు కాళ్లు పట్టి ఎత్తుటయు మిక్కిలి అపాయకరము.

మార్కు సువార్త 2వ అధ్యాయములో పక్షవాయువు రోగిని నలుగురు మోసి తెచ్చిన సంగతి మనము చిన్నతనమునుండి విన్నదే. వారి విశ్వాసమును గూర్చి అనేక ప్రసంగములు వింటిమి. వారి చేతులను గూర్చియు ఒకసారి ఆలోచింపుడి. కప్పు విప్పి మంచమును దింపునప్పుడు నలుగురును ఒకే సమముగా దింపవలెను. ఒకడు తొందరపడినను, ఒకడు ఆలస్యము చేసినను మంచము ఒరుగును, రోగి పడిపోవును. మెడ దెబ్బతిన్నవానిని మోయుటయు అట్టిదే. తల పట్టినవాడే నాయకుడు. అతడు ఒకటి, రెండు, మూడు అనినప్పుడే అందరు ఎత్తవలెను; అతడు చెప్పినప్పుడే దింపవలెను. గట్టుమీద పదిమంది పది ఆజ్ఞలు ఇచ్చుట మన అలవాటు. ఆ దినమున ఒక్కని మాట వినుటయే రోగికి మనము చేయు మేలు.

6. గట్టుమీద చేయవలసినవి, చేయరానివి

ఊపిరి ఆడుచున్నవానిని వెల్లకిల తిన్నగా పరుండబెట్టి, ఒకడు తలవైపున మోకరించి రెండు అరచేతులతో తలను కదలకుండ పట్టవలెను. తడిబట్టలమీద పొడి దుప్పటి కప్పవలెను. వాంతి వచ్చినయెడల తలను మాత్రమే ప్రక్కకు త్రిప్పక, తల, భుజములు, నడుము, కాళ్లు ఒక్కసారిగా, దుంగను దొర్లించినట్లు ప్రక్కకు దొర్లింపవలెను.

ఊపిరి లేనియెడల దవడ మూలలను రెండు చేతుల వ్రేళ్లతో ముందుకు ఎత్తి గొంతు తెరువవలెను. దానితో తెరువబడనియెడల తలను కొద్దిగా వెనుకకు వంచియైనను తెరువవలెను. ఇక్కడను ఊపిరియే ముందు. ముక్కు మూసి నోటిలో నోరు పెట్టి మొదట రెండు సారులు ఊదవలెను. తరువాత ఛాతీ నడుమ రెండు చేతులతో, పెద్దవారికి సుమారు 5 సెంటిమీటర్ల లోతున, నిమిషమునకు 100 మొదలు 120 సారుల వేగమున 30 సారులు నొక్కి, మరల రెండు సారులు ఊదవలెను. ఇట్లు సహాయము వచ్చువరకు మానక చేయవలెను.

చేయరానివి ఇవి: తలక్రిందులుగా పట్టి త్రిప్పరాదు. నీరు కక్కించుటకు పొట్ట నొక్కరాదు. కూర్చుండబెట్టరాదు. తలక్రింద దిండు పెట్టరాదు. భుజములు పట్టి ఊపి పిలువరాదు. మెడను లాగి సరిచేయుటకు ఎవరిని ఒప్పుకొనరాదు. సోడా గాని, కాఫీ గాని, నీరు గాని త్రాగింపరాదు. మోటారు సైకిలుమీద ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి ఆసుపత్రికి తీసికొనిపోరాదు. 108 అంబులెన్సు మన రాష్ట్రములో 2005వ సంవత్సరము ఆగస్టు 15న ఆరంభమైనది. దాని సిబ్బందికి మెడపట్టీ వేయుటయు, పడక కదలకుండ కట్టుటయు తెలియును. కొన్ని నిమిషములు కాచుకొనుట నష్టము కాదు. బల్ల మోయుటకే గాని గంటలకొలది పరుండుటకు కాదు. స్పర్శ లేని శరీరమునకు గట్టి చెక్కవలన పుండ్లు పడును. ఆసుపత్రిలో ఈ మాట గుర్తు చేయుడి.

కొబ్బరిదింపు తీయువారును, తాటిచెట్టు ఎక్కు గీతవారును మన సంఘములలో అనేకులున్నారు. చెట్టునుండి పడినవానికిని ఈ నియమములే వర్తించును.

7. గాయపడినవాని మిగిలిన జీవితము

అమెరికాలో జోనీ ఎరిక్సన్ అను 17 సంవత్సరముల కన్య 1967 జూలై 30న చెసపీక్ అఖాతములో లోతు తెలియక తల ముందుగా దూకెను. మెడ విరిగి, నీటిలో బోర్లపడి, కదలలేక ఊపిరికొరకు పెనుగులాడుచుండెను. ఆ సమయమున ఆమె అక్క క్యాథీ కాలివ్రేలిని ఒక పీత కరువగా, చెల్లెలిని హెచ్చరించుటకు ఆమె వెనుకకు తిరిగెను. అట్లు చూచుటవలననే ఆమెను నీటిలోనుండి తీయుట జరిగెను. జోనీ చేతులు కాళ్లు తిరిగి రాలేదు. అయినను ఆమె కుంచెను పండ్లతో పట్టి చిత్రములు వ్రాసెను, గ్రంథములు రచించెను, 1979లో వికలాంగుల సేవకై ఒక సంస్థను స్థాపించెను.

మన పొరుగున, తమిళనాడు బాలికల క్రికెట్టు జట్టుకు నాయకురాలైన ప్రీతి శ్రీనివాసన్ 1998 జూలైలో పుదుచ్చేరి సముద్రతీరమున, లోతు లేని నీటిలోనే, కాలు క్రింద ఇసుక జారగా ముందుకు దూకి మెడ దెబ్బతినెను. ఆమెకు అప్పుడు 18 సంవత్సరములు. తరువాత ఆమె తిరువణ్ణామలైలో వెన్నుపాము దెబ్బతిన్నవారి కొరకు సోల్‌ఫ్రీ అను సంస్థను నెలకొల్పెను.

రాయవెల్లూరు ఆసుపత్రి మన జిల్లాల వారికి క్రొత్త కాదు. అక్కడి వైద్యురాలు మేరీ వర్గీసుగారు 1954లో మోటారు ప్రమాదమున వెన్ను దెబ్బతిని నడుము క్రింది భాగమున చలనము కోల్పోయిరి. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. పిమ్మట అట్టి రోగులకు తిరిగి బ్రతుకు నేర్పు విభాగమునకు అక్కడ మొదటి అధిపతియైరి. 1972లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చెను.

ఈ ముగ్గురి చరిత్రను ఎందుకు చెప్పితిమి? మన పల్లెలో ఇట్టివాడు మంచమున పడినప్పుడు మొదటి నెలలో ఇల్లంతయు చుట్టములతో నిండును. ఏడాది గడచిన తరువాత తలుపు తట్టువారుండరు. స్పర్శ లేనివానిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పుట, పుండు పడకుండ వీపు చూచుట, మూత్రపు గొట్టము శుభ్రముగా నుంచుట ఒక తల్లి, లేక ఒక భార్య ఒంటరిగా మోయలేని బరువు. నీటిలోనుండి తీయుటతో రక్షణ ముగియదు. మంచమును మోసిన నలుగురు మన సంఘములో అప్పుడును కావలెను.

8. జరుగకముందే జాగ్రత్త

వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు అడుగున ఏమున్నదో అందరికి కనబడును: విరిగిన సిమెంటు దిమ్మెలు, పాత గుంజలు, రాళ్లు. మరల నీరు వదలిన తరువాత బురదనీటిలో ఏమియు కనబడదు. నిరుటి లోతు ఈ యేడు ఉండదు. గోదావరిలో ప్రతి వరద ఇసుకతిన్నెలను చోటు మార్చును. కాబట్టి పిల్లలకు మూడు మాటలు నేర్పుడి: మొదట నడిచి దిగి లోతు చూడవలెను, ఎరుగని నీటిలో తల ముందుగా దూకరాదు, త్రాగినవాడు నీటిలో దిగరాదు.

2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని కచ్చులూరు దగ్గర పాపికొండలు పోవు పడవ మునిగినప్పుడు, అందులోని 77 మందిలో 26 మంది బ్రతికి బయటపడిరి. పడవలు వేసికొని మొదట చేరినవారు ఆ గ్రామస్థులే. మన నదిమీద మొదటి రక్షకుడు ఎప్పుడును దగ్గరి పల్లెవాడే. అట్టి చేతులు మనకు కలవు. ఆ చేతులకు ఈ పట్టు నేర్పుట మన పని.

జూలై 25వ తేదీని నీటమునకల నివారణ దినముగా ఐక్యరాజ్యసమితి 2021లో నిర్ణయించెను. కాలువలకు నీరు వచ్చియుండు కాలమది. ఆ వారములో ప్రతి సంఘమువారు ఒక సాయంకాలము రేవు దగ్గర కూడి, నడుము లోతు నీటిలో ఈ పట్టును అభ్యసింపవలెనని కోరుచున్నాము. ఒక వెడల్పు బల్లయు, పొడవైన త్రాడును, గెడకర్రయు గుడి వసారాలో ఉంచుడి. అవి అందరివి, ఊరిలో ఎవరికి ఆపద కలిగినను ఇవ్వవలెను. బల్లకొరకు వచ్చినవాని కులమును గాని మతమును గాని అడుగరాదు.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఊపిరి ఆడువానికిని, ఆడనివానికిని మనము చేయు సహాయములో భేదమేమి?

2. మన ఊరిలో పిల్లలు దూకు స్థలములేవి? వాటి అడుగున ఏమున్నదో ఎవరు చూచిరి?

3. మోయునప్పుడు ఒక్కని మాటయే వినవలసిన కారణమేమి?

4. మన సంఘములో మంచమున పడియున్నవారు ఎవరు? ఈ వారము వారి యింటికి ఎవరు వెళ్లుదురు?

నాలుగవ ప్రశ్నకు జవాబు నోటితో చెప్పి విడువక, పేర్లు వ్రాసికొని వెళ్లుడి.